నిలబడినందుకా, ఊగినందుకా? హుస్సేన్ సాగర్‌లో ఒక ప్రొటెస్ట్ కేసు

"రన్‌లో సెయిలర్ లేచి నిలబడింది. బోటు పలుమార్లు ఊగింది. రూల్ 42 ఉల్లంఘన, డిస్‌క్వాలిఫై."

పిల్లల తెరచాప పడవల పోటీలో జడ్జిగా, హుస్సేన్ సాగర్ ఒడ్డున, షెడ్డులోని నోటీసు బోర్డుకి నేనే అంటించిన కాగితం ఇది. రన్ అంటే గాలి వెనకనుంచి తోస్తుంటే సాగే దశ. రూల్ 42 అంటే ఒళ్లు కదిలించి పడవని తోయకూడదనే రూల్. తీర్పు సరైనదే. రాసిన తీరే తప్పు. ఆ మొదటి వాక్యం వల్ల మర్నాడు పొద్దున 38 మంది పిల్లలు పడవల్లో బిగుసుకుని కూర్చుని రేసు చేశారు. "నిలబడితే తీసేస్తారంట" అన్న మాట ఒక్క రాత్రిలో అందరికీ పాకిపోయింది.

కొన్నేళ్ల కిందట, వర్షాకాలంలో జరిగిన పిల్లల రెగట్టా, అంటే వరసగా రేసులుండే పడవల పోటీ, అది. నేను చాలాకాలంగా చిన్న పడవల సెయిలింగ్ నేర్పుతున్నాను. నేను నేర్పే పిల్లలు పోటీలో లేని రెగట్టాల్లో ప్రొటెస్ట్ కమిటీలో, అంటే ఒక పడవ ఇంకో పడవ మీద చేసిన ఫిర్యాదుని విచారించే కమిటీలో, కూర్చుంటాను. ఈ కేసు పూర్తిగా రాయమని తోటి కోచ్‌లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. పిల్లల్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. పడవ కదిలిన తీరు, మేం వాదించుకున్న మాటలు మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను.

పడవ, అమ్మాయి

పడవ ఆప్టిమిస్ట్. పిల్లల పడవ. పొడవు 2.3 మీటర్లు, ముందు భాగం కోసుగా ఉండకుండా తొట్టిలా పలకగా ఉంటుంది. ఒక్కరే నడపాలి. పదిహేనేళ్లు నిండే ఏడాది వరకే ఇందులో పోటీ చేయొచ్చు. హల్, అంటే పడవ ఒళ్లు, కనీస బరువు 35 కిలోలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. ఈ కేసులో అమ్మాయి బరువు సుమారు 40 కిలోలు. అంటే నడిపే మనిషి పడవకంటే బరువు. పెద్ద పడవలో ఒకరు లేచినా కూర్చున్నా ఎవరికీ తెలియదు. ఆప్టిమిస్ట్‌లో మోకాలు జరిపినా పడవకు తెలుస్తుంది.

అమ్మాయికి పదమూడేళ్లు. గురుకుల పాఠశాల విద్యార్థిని. నాన్న కృష్ణా మీద పుట్టి వేసుకుని చేపలు పట్టే మనిషి. కూతురి రేసులు చూడడానికి నాగార్జున సాగర్ వైపు నుంచి బస్సెక్కి వచ్చి మూడు రోజులు ఉన్నాడు. పుట్టి ఎక్కినవాళ్లందరికీ చిన్నప్పుడే నేర్పే మొదటి పాఠం ఒకటుంది: నిలబడకు. గుండ్రటి పుట్టిలో ఒకరు నిలబడి పక్కకి ఒరిగితే అందరూ నీళ్లలో పడతారు. ఆ భయం వట్టిది కాదు, అనుభవంలోంచి వచ్చింది. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఆ మధ్యాహ్నం గాలి ఐదారు నాట్లు, అంటే గంటకు సుమారు పది కిలోమీటర్లు. నెక్లెస్ రోడ్ వైపు నుంచి వస్తోంది. ఆ వైపు కట్టడాల వల్ల ఇక్కడ గాలి ఒక పరుపులా రాదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. నీటి మీద నల్లటి మరకలా కనిపించిన చోట గాలి ఉంటుంది, మెరుస్తున్న చోట ఉండదు. హుస్సేన్ సాగర్‌లో రేసు గెలవాలంటే సగం పని ఆ మరకల్ని ముందుగా చూడడమే. గాలికి ఎదురుగా వెళ్లేటప్పుడు అవి కళ్ల ముందే ఉంటాయి. రన్‌లో మరకలు వీపు వెనక ఉంటాయి. ముందు వైపు తెరచాప అడ్డం. కూర్చున్న పిల్ల కళ్లు నీటికి మీటరు ఎత్తులో కూడా ఉండవు. లేచి నిలబడి వెనక్కి తిరిగితే పీపుల్స్ ప్లాజా దాకా నీరంతా పరిచినట్టు కనిపిస్తుంది. అందుకే నిలబడతారు. సరదాకి కాదు.

జరిగింది

ఆ రోజు మూడో రేసు. రన్ మొదలైనప్పుడు అమ్మాయి ఆరో స్థానంలో ఉంది. టాంక్‌బండ్ వైపు దిగుతున్న ఆ దశలో ఆమె మూడుసార్లు లేచి నిలబడింది. మూడోసారి లేచినప్పుడు, రెండు పడవల దూరంలో ఉన్న అబ్బాయి "ప్రొటెస్ట్!" అని అరిచాడు. ఆరు మీటర్లకంటే చిన్న పడవలకు ఎర్రజెండా అక్కర్లేదు, వెంటనే అరిస్తే చాలు. అరిచాడు, ఒడ్డుకొచ్చాక గడువులోగా కాగితం ఇచ్చాడు. ప్రొటెస్ట్ చెల్లుతుందా అన్నదాని మీద మాకు పేచీ రాలేదు.

కాగితంలో అతను రాసింది ఇంతే: "నిలబడి నడిపింది. రాకింగ్ చేసింది." ఈ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో ఆ సాయంత్రం రెండు గంటలు కొలిచాం.

ఇక్కడ రూల్ ఏమంటుందో చెప్పాలి. ప్రపంచమంతా పాటించే రేసింగ్ రూల్స్‌ని వరల్డ్ సెయిలింగ్ నాలుగేళ్లకోసారి సవరిస్తుంది. అందులో 42వ రూల్ పడవ ముందుకు పోవడం గురించి. సారాంశం ఇది: పడవని గాలి, నీరు మాత్రమే నడపాలి. సెయిలర్ తెరచాపని, పడవ ఒరుగుని సరిచేసుకోవచ్చు, పడవ నడపడానికి అవసరమైన మిగతా పనులూ చేయొచ్చు. అంతకుమించి ఒళ్లు కదిలించి పడవని తోయకూడదు. తర్వాత నిషేధించిన పనులు వరసగా ఉంటాయి. పదేపదే తెరచాపతో విసరడం పంపింగ్. పదేపదే పడవని అటూ ఇటూ ఒరిగించడం రాకింగ్. ముందుకి ఉరికి టక్కున ఆగడం ఊచింగ్. చుక్కానిని తెడ్డులా ఆడించడం స్కల్లింగ్. ఎన్నిసార్లు చదివినా ఆ వరసలో 'నిలబడడం' అన్న మాట కనిపించదు.

కనిపించకపోవడమే కాదు. ఈ రూల్‌కి వరల్డ్ సెయిలింగ్ అధికారికంగా ఇచ్చిన వివరణల్లో ఇందుకు సూటిగా జవాబు ఉంది: సెయిలర్ ఒకే భంగిమలో నిశ్చలంగా ఉంటే, దాని వల్ల పడవ నిలకడ తగ్గినా సరే, తప్పు కాదు. నిలబడితే శరీరం బరువు పైకి పోతుంది, పడవ చిన్న అలకి కూడా ఎక్కువ ఊగుతుంది. అలా దానంతట అది ఊగుతున్న పడవని ఆపాల్సిన పని కూడా సెయిలర్‌కి లేదు.

మరి ఎక్కడ తప్పు? మరో వివరణ ఆ గీత గీస్తుంది. ఒక్క శరీర కదలిక వల్ల అయినా సరే, వెంటనే పడవ పదేపదే ఊగడం మొదలైతే అది రాకింగే. ఊపింది ఒక్కసారే కదా అంటే కుదరదు. ఉయ్యాలని ఒక్క తోపు తోసి చేతులు కట్టుకున్నా, ఊపింది మనమే కదా.

ఊగితే లాభమేంటని తల్లిదండ్రులు అడుగుతుంటారు. రన్‌లో తెరచాప పూర్తిగా పక్కకి తెరిచి ఉంటుంది. పడవ అటూ ఇటూ ఒరిగిన ప్రతిసారీ తెరచాప పైభాగం గాలిలో పెద్ద వంపు తిరుగుతుంది, విసనకర్రలా గాలిని తోస్తుంది. గాలి తక్కువున్న రోజు ఇలా నాలుగు ఊపులు ఊపితే పక్క పడవ వెనకబడిపోతుంది. కూర్చుని కూడా రాకింగ్ చేయొచ్చు. నిజానికి నేను పట్టుకున్న రాకింగ్‌లో ఎక్కువ భాగం కూర్చుని చేసిందే.

విచారణ

షెడ్డులో ప్లాస్టిక్ బల్ల, ముగ్గురు సభ్యులం, పిల్లలిద్దరూ ఎదురుగా. బయట వాన. రూల్ పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ప్రతి ప్రశ్న తెలుగులో అడిగి, హిందీలో ఇంకోసారి చెప్పాం.

అబ్బాయిని అడిగాను: "నిలబడడం తప్పని అనుకుంటున్నావా, ఊపడం తప్పని అనుకుంటున్నావా?"

కాసేపు ఆలోచించి, "నిలబడితేనే కదా సార్ ఊగుద్ది," అన్నాడు. నిజాయితీగా చెప్పిన మాట. పొరపాటంతా ఆ మాటలోనే ఉంది.

అమ్మాయి మాత్రం గట్టిగా చెప్పింది: "గాలి చూడనీకి లేచిన సార్. ఊపలేదు. టూరిస్టు బోటు అలకి ఊగింది."

ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. లుంబినీ పార్క్ నుంచి బుద్ధ విగ్రహం దాకా పర్యాటకుల బోట్లు తిరుగుతూనే ఉంటాయి. వాటి అలలు మా రేసు మీదుగా పోవడం మామూలే. అల వల్ల ఊగితే ఆమె తప్పేమీ లేదు.

అదృష్టం ఏంటంటే సేఫ్టీ బోటులో ఉన్న వాలంటీర్ ఫోన్‌లో ఆ రన్‌ని తీశాడు. ముప్పావు నిమిషం వీడియో. తీసింది ఆమె కోసం కాదు, పడవలన్నీ రంగురంగుల తెరచాపలతో వరసగా వస్తుంటే బాగుందని. ఇద్దరు పిల్లల ముందే దాన్ని పదిసార్లకు పైగా చూశాం. పడవ వెనక, దూరంగా బుద్ధ విగ్రహం. ఆప్టిమిస్ట్ తెరచాప పైకొన సరిగ్గా విగ్రహం భుజం పక్కన కనిపిస్తోంది. మాకు అంతకంటే మంచి కొలబద్ద దొరకదు. కొన కదిలితే పడవ ఒరిగినట్టే.

మొదటిసారి లేవడం చూశాం. ఒక కాలు పడవ మధ్యలోని అడ్డపలక వెనక, ఇంకో కాలు పక్కకి. మోకాళ్లు వంచి, నెమ్మదిగా, ఆగి ఆగి లేచింది. చుక్కాని తిప్పే పొడుగు కర్ర, టిల్లర్ ఎక్స్‌టెన్షన్, చేతిలోనే ఉంది. కొన భుజం పక్కనుంచి కదల్లేదు. వెనక్కి తిరిగి చూసింది, కూర్చుంది. ఇందులో తప్పు వెతకడానికి కూడా ఏమీ లేదు.

రెండోసారి లేచేసరికి గాలి తోపు వచ్చింది. పడవ ఒకసారి ఒరిగింది, ఆమె బరువు అటు వేసి నిలువు చేసింది. కొన ఒకసారి పక్కకి పోయి తిరిగొచ్చింది. గాలి ఒరిగించింది, ఆమె సరిచేసింది. ఇదీ సమ్మతమే.

మూడోసారి కథ వేరు. పక్కనున్న పడవ ముందుకి రావడం చూసిందేమో, గబుక్కున లేచింది. రెండు పాదాలూ గాలి వైపు అంచుకి దగ్గరగా పడ్డాయి. కొన విగ్రహం భుజం దాటి అటు పోయింది, తల దాటి ఇటు వచ్చింది, మళ్లీ అటు, మళ్లీ ఇటు. నాలుగు ఊపులు. రెండో ఊపుకే పడవ ముక్కు కింద తెల్లటి నురగ లేచింది. అప్పటిదాకా అక్కడ నురగ లేదు.

అల సంగతి? అదే ఫ్రేమ్‌లో పక్కన రెండు పడవలున్నాయి. ఒకటి ఆ అబ్బాయిదే. వాటి కొనలు చూశాం. ఆ నాలుగు ఊపుల సమయంలో అవి కాస్త కదిలాయి తప్ప ఊగలేదు. టూరిస్టు బోటు అలే ఊపి ఉంటే మూడు పడవలూ ఊగాలి. పైగా ఆ బోటు అల వీడియో చివర్లో వచ్చింది. అప్పుడు మూడూ ఒక్కలాగే తలలూపాయి. అది చూశాక అమ్మాయి తలదించుకుంది. "నేను కావాలని ఊపలేదు సార్," అంది. నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ 42వ రూల్ ఉద్దేశం అడగదు. కదలిక ఏం చేసిందో అడుగుతుంది.

కమిటీలో ఒకరు నాతో ఏకీభవించలేదు. పడవ నాలుగుసార్లు ఊగింది నిజమే కానీ, తడబడి లేచిన పిల్లని, తోద్దామని లేచిన పిల్లని ఒకే గాట కట్టకూడదన్నారు. మనిషిగా ఆయన మాట నాకు నచ్చింది. జడ్జిగా ఒప్పుకోలేకపోయాను. ఇద్దరికి ఒకరు, ప్రొటెస్ట్ నెగ్గింది.

శిక్ష గురించి ఒక మాట. ఏ పడవ ఏ పడవకి దారివ్వాలో చెప్పే రూల్స్‌ని ఉల్లంఘిస్తే నీళ్ల మీదే రెండు చుట్లు తిరిగి తప్పు దిద్దుకోవచ్చు. 42కి మామూలుగా ఆ వెసులుబాటు లేదు. రూల్ పుస్తకంలోని అపెండిక్స్ పి, అంటే 42 తప్పులకి నీళ్ల మీదే జడ్జిలు శిక్ష వేసే పద్ధతి, అమల్లో ఉంటే జ్యూరీ బోటు విజిల్ వేసి, పసుపు జెండా చూపించి, సెయిల్ నంబర్ అరుస్తుంది. మొదటిసారైతే రెండు చుట్లతో సరిపోతుంది. ఈ రెగట్టాలో అది పెట్టలేదు, అన్ని బోట్లకి సరిపడా జడ్జిలు లేరు. కాబట్టి విచారణలో తప్పు రుజువైతే డిస్‌క్వాలిఫికేషనే. ఎన్నో స్థానమో అన్ని పాయింట్లు, తక్కువుంటేనే మేలు. డిస్‌క్వాలిఫై అయితే ఎన్ని పడవలు దిగాయో దానికి ఒకటి కలిపి పాయింట్లు: 39. ఆరు పాయింట్లు రావాల్సిన చోట ముప్ఫై తొమ్మిది. జ్యూరీ బోటు ఉండి ఉంటే ఆ పిల్ల రెండు చుట్లు తిరిగి, పదో స్థానంలోనో పన్నెండో స్థానంలోనో వచ్చేది. ఈ లోటు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. పిల్లల రెగట్టాకి డబ్బు ఎక్కడ తగ్గించినా జ్యూరీ బోట్ల దగ్గర తగ్గించకండి.

కాగితం చేసిన పని

రాత్రి ఎనిమిదవుతోంది. అలసిపోయి ఉన్నాం. నేను ఆ మూడు వాక్యాలు రాసి అంటించి వెళ్లిపోయాను.

బోర్డు ముందు అమ్మాయి నాన్న నిలబడ్డాడు. పక్కనున్నవాళ్లు చదివి చెప్పారు. ఆయన కూతురి వైపు తిరిగి, "నేను జెప్పలేదా బిడ్డా, పడవల నిలవడొద్దని," అన్నాడు. తిట్టలేదు. బాధగా అన్నాడు. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. నేను వెనకే ఉన్నాను, గొడుగు తెరుస్తూ. ఆగి చెప్పాల్సింది. చెప్పలేదు.

మర్నాడు మొదటి రేసులో రన్ చూస్తే నాకు కడుపులో తిప్పినట్టయింది. ఒక్కరూ లేవలేదు. మెడలు మాత్రం వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకి తిప్పి, కూర్చునే ఉన్నారు. కోచ్ బోట్ల నుంచి "కూర్చో, కూర్చో" అని అరుపులు. ఎడమ వైపు సంజీవయ్య పార్క్ ఒడ్డు దగ్గర నల్లటి మరక రావడం నా బోటులోంచి స్పష్టంగా కనిపిస్తోంది. దాన్ని పట్టుకున్నది ముగ్గురే, అదీ అటువైపు ఉండడం వల్ల. మిగతావాళ్లు మెరుస్తున్న నీటిలో ఇరుక్కుపోయారు. మా అమ్మాయి, అలా అనడం జడ్జికి తగదు, ఆ అమ్మాయి ఇరవై ఒకటో స్థానంలో వచ్చింది.

రేస్ ఆఫీసర్ దగ్గర అనుమతి తీసుకుని, మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లల్ని, కోచ్‌లని అందర్నీ పోగుచేశాను. నా కాగితం చింపలేదు, దాని పక్కన ఇంకో కాగితం అంటించాను. అందులో ఉన్నది ఇది: "సెయిలర్ రన్‌లో మూడుసార్లు నిలబడింది. మొదటి రెండుసార్లు ఏ రూల్‌నీ తప్పలేదు. మూడోసారి ఆమె వేగంగా లేచిన కదలిక వల్ల వెంటనే బోటు నాలుగుసార్లు ఊగింది, వేగం పెరిగింది. దగ్గరలోని బోట్లు అలా ఊగలేదు. ఆ ఊగడం రాకింగ్." తీర్పు అదే. ఇది ముందు రోజే రాసి ఉంటే పొద్దుటి రేసు అలా జరిగేది కాదు.

తర్వాత జెట్టీకి ఒక ఆప్టిమిస్ట్ కట్టించి, అడ్డపలక మీద స్టీలు గ్లాసు నిండా నీళ్లు పెట్టించాను. "ఈ నీళ్లు ఒలక్కుండా లేవండి" అన్నాను. గబుక్కున లేచినవాళ్లందరూ ఒలకబోశారు. పాదాలు ఎడంగా, పడవ నడిమి గీతకి అటొకటి ఇటొకటి పెట్టి, నాలుగు అంకెలు లెక్కపెట్టుకుంటూ, ముందు మోకాళ్లు, తర్వాత నడుము, చివర్లో తల ఎత్తినవాళ్లకి నీళ్లు కదిలాయి, ఒలకలేదు. కూర్చోవడం కూడా అంతే నెమ్మదిగా ఉండాలి. గబుక్కున కూలబడినా పడవ ఊగుతుంది, అదీ లెక్కలోకి వస్తుంది.

కోచ్‌లలో ఒకాయన అడిగాడు, "మరి ట్యాక్ కొట్టేటప్పుడు పిల్లలు దాదాపు నిలబడి పడవని ఒరిగిస్తారు కదా, అదెలా ఒప్పు?" మంచి ప్రశ్న. ట్యాక్‌లోనూ, అంటే పడవ ముక్కుని గాలి మీదుగా ఇటునుంచి అటు తిప్పినప్పుడు, జైబ్‌లోనూ, అంటే పడవ వెనక వైపుని అలా తిప్పినప్పుడు, తిరగడానికి వీలుగా ఒరిగించొచ్చు, ఆ ఒరుగుని ఒంటితో పెంచొచ్చు కూడా. తిరిగాక వేగం, అసలు తిరగకపోతే ఉండే వేగాన్ని మించకూడదు, అంతే. ఇంకొకరు స్టార్ట్‌కి ముందు నిలబడి లైన్ చూసుకోవడం గురించి అడిగారు. ప్రిపరేటరీ సిగ్నల్, అంటే మామూలుగా స్టార్ట్‌కి నాలుగు నిమిషాల ముందు వచ్చే సిగ్నల్, దాకా 42 వర్తించదు. ఆ తర్వాత వర్తిస్తుంది, కానీ అప్పుడూ నిశ్చలంగా నిలబడడానికి అడ్డేమీ లేదు.

ఒక తల్లి అడిగింది వేరే సంగతి: "రూల్ ఒప్పుకున్నా ప్రమాదం కదండీ?" ప్రమాదమే. ఆప్టిమిస్ట్‌లో బూమ్, అంటే తెరచాప కింది అంచున ఉండే కర్ర, కిందుగా ఉంటుంది. నిలబడ్డప్పుడు పడవ అనుకోకుండా జైబ్ అయితే మోకాలికో నడుముకో కొట్టి నీళ్లలో పడేస్తుంది. అందుకే నా దగ్గర మొదటి మూడు నెలలు ఎవర్నీ నిలబడనివ్వను. గాలి పదీ పన్నెండు నాట్లు దాటిన రోజు ఎవర్నీ నిలబడనివ్వను. కానీ అది కోచ్‌గా నా నియమం. రేసు రూల్ కాదు. ఆ రెండింటినీ కలిపేస్తే పిల్లలకి భద్రతా రాదు, రూలూ రాదు. రెయిలింగ్ తాళ్లున్న పెద్ద యాట్లలో ఒళ్లు ఆ తాళ్ల బయటకి పోకూడదని వేరే రూల్ ఉంది. మన దగ్గర చాలామంది దాన్ని విని, చిన్న పడవలకి అంటగడుతున్నారని నా అనుమానం.

ఆ రోజు నుంచి నేను జ్యూరీ బోటులో ఉన్నప్పుడు మనిషిని చూడడం తగ్గించాను. తెరచాప పైకొనని చూస్తాను, పక్క పడవల కొనలతో పోలుస్తాను, ముక్కు కింద నురగ చూస్తాను. నా పక్కనున్న జడ్జి కూడా అదే చూశానని అంటేనే విజిల్ నోట్లో పెడతాను. లేచి నిలబడిన పిల్ల కనిపించగానే చెయ్యి జెండా మీదకి పోతుంది, అది అలవాటు. వెనక్కి లాక్కోవాలి.

చివరి రేసు

ఆఖరి రోజు చివరి రేసు. గాలి మళ్లీ ఐదారు నాట్లు. రన్‌లో ఆమె వెనక పది మీటర్ల దూరంలో నా బోటు. కాసేపు కూర్చునే ఉంది. ఒకసారి నా వైపు చూసింది. నేను ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు, జడ్జి కనిపించనివ్వకూడదు.

లేచింది. పెదాలు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తెరచాప కొన బుద్ధుడి భుజం పక్కనే ఉంది. వెనక్కి తిరిగి చూసింది. సంజీవయ్య పార్క్ వైపు నల్లగా పరుచుకుంటూ వస్తోంది. అంతే నెమ్మదిగా కూర్చుని, జైబ్ చేసి, అటు మళ్లింది. ఐదో స్థానంలో ముగించింది. మొత్తం సిరీస్‌లో ఆ 39 ఆమెను పైకి రానివ్వలేదు. అంతకుముందే ఒక రేసులో స్టార్ట్ లైన్ ముందే దాటి ఇంకో 39 తెచ్చుకుంది. మొత్తం లెక్కలో చెడ్డ ఫలితాన్ని వదిలేసుకునే వీలు ఒక్క రేసుకే ఉంది.

ఒడ్డున పడవ లాగుతుంటే ఆమె నాన్న సాయం పట్టాడు. నన్ను చూసి ఆగాడు.

"ఈసారి గూడ నిలవడ్డది గద సార్. ఏం గాలేదా?"

"ఏం కాలేదు. బాగా నిలబడింది."

కాసేపు పడవని, కూతురిని చూశాడు. "సరే సార్. పుట్టిల మాత్రం నిలవడనియ్య," అన్నాడు.

సరే అన్నాను.